నైట్ షిఫ్ట్ నుంచి జాతీయ భద్రత దాకా దారి ఉందా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది తెనాలి. ఈసీఈలో బీటెక్ చేసి ఐదేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సైబర్ భద్రతా సంస్థలో పనిచేస్తున్నాను. వయసు 27. ఖాతాదారుల నెట్‌వర్క్‌ల నుంచి వచ్చే అలర్ట్‌లలో నిజమైన దాడి ఏదో, ఉత్తుత్తిది ఏదో తేల్చడం నా పని. నిరుడు ఒక రాత్రి రెండున్నరకు ఒక ఆసుపత్రి సర్వర్‌లో ఫైళ్ల పేర్లు వరసగా మారిపోతుండటం గమనించాను. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడి. వెంటనే చెప్పాం. కానీ ఇది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన ఘటనేనా, పూర్తి వివరాలు లేకుండా ఎలా పంపుతాం అంటూ వాళ్ల లీగల్ విభాగం, మా మేనేజర్లు తెల్లవార్లూ ఫోన్లలో వాదించుకున్నారు. 6 గంటల గడువు ముగుస్తుందనగా సగం ఖాళీలతోనే ఫారం పంపారు. ఆ గడువు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఆ రోజే మొదటిసారి వెతికాను. అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది.

ఈమధ్య ఒక సదస్సులో వక్తను పరిచయం చేస్తూ, జాతీయ భద్రతా రంగంలో ప్రభుత్వ సేవ చేశారని, ఆ తర్వాత టెక్నాలజీ విధాన రూపకల్పనకు నాయకత్వం వహించారని చెప్పారు. నలభై ఐదేళ్లకు నేనూ ఆ స్థాయిలో ఉండాలని ఆశ. ఉద్యోగం మానేసి అశోక్‌నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కు కూర్చోమని స్నేహితులు అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా అక్క అక్కడికే వచ్చి పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేసి స్థిరపడమంటోంది. నాన్నగారేమో, ప్రభుత్వ ఉద్యోగమంటే సంతోషమే కానీ ఏం చేస్తుందో చెప్పుకోలేని ఉద్యోగమైతే సంబంధాలు ఎలా చూడాలని బెంగపడుతున్నారు. ఏ దారి పట్టమంటారు?
— పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో సదస్సు సంగతి కంటే ఆసుపత్రి సంగతి నన్ను ఎక్కువసేపు ఆపింది. ముందు దాని గురించి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ఆ 6 గంటల గడువు పెట్టింది సెర్ట్-ఇన్, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఐటీ చట్టంలోని 70బి సెక్షన్ కింద 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలవి. ఘటనను గమనించిన, లేదా అది తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు తెలియజేయాలి. లాగ్‌లను, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను, 180 రోజులు భద్రపరచాలి. ఇంటర్నెట్‌లో మన ఆనవాళ్లు కనపడకుండా చేసే వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలను 5 ఏళ్లు దాచాలి. పరిశ్రమ గగ్గోలు పెట్టింది. ఐరోపాలో వ్యక్తిగత సమాచారం లీకైతే 72 గంటలు ఇస్తున్నారు, ఇక్కడ ఆరేనా అన్నారు. పేరున్న వీపీఎన్ సంస్థలు కొన్ని ఈ దేశంలోని తమ సర్వర్లనే ఎత్తేశాయి. గడువు అంత తక్కువ ఉండటానికి ఒక కారణం లేకపోలేదు. ఒక ఆసుపత్రిలో కనిపించిన దాడి అదే గంటలో మరో పదిచోట్ల పాకుతూ ఉండవచ్చు. మూడు రోజుల తర్వాత అందే కబురుతో మిగతావాళ్లను హెచ్చరించి లాభం లేదు.

ఇప్పుడు మీ మేనేజర్లు తెల్లవార్లూ చేసిన వాదన చూడండి. రాన్సమ్‌వేర్ తెలియజేయాల్సిన ఘటనేనా? ఆ ఆదేశాల అనుబంధంలో ఇచ్చిన జాబితాలో అది పేరుతో సహా ఉంది. సగం ఖాళీలతో ఫారం పంపవచ్చా? చేతిలో ఉన్నంత సమాచారం 6 గంటల్లో పంపి, మిగతాది సహేతుకమైన సమయంలో ఇవ్వవచ్చని ఆ ఏడాది మే నెలలో సెర్ట్-ఇన్ విడుదల చేసిన ప్రశ్నోత్తరాల్లో స్పష్టంగా చెప్పారు. అంటే ఆ రాత్రి ఫోన్లు పట్టుకుని కూర్చున్న వాళ్లలో ఒక్కరు ఆ రెండు పత్రాలూ చదివి ఉన్నా పని పది నిమిషాల్లో తేలిపోయేది. 2024 నవంబరులో టెలికం సంస్థలకు వచ్చిన సైబర్ భద్రతా నియమాల్లో ఈ సంగతిని నియమంలోనే ఇమిడ్చారు. 6 గంటల్లో తొలి కబురు, 24 గంటల్లో వివరాలు. గడువులో పాత పట్టింపు అలాగే ఉంది, కానీ అర్ధరాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఊపిరి పీల్చుకునే చోటు దొరికింది. మీరు చేయాలనుకుంటున్న పని అచ్చంగా ఇదే. దానికి జాతీయ భద్రత, విధాన నాయకత్వం వంటి బరువైన పేర్లు తర్వాత వస్తాయి.

ఇంకో ఉదాహరణ. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయాయి. రోజుల తరబడి రోగుల చీట్లు చేత్తో రాశారు. ఒక భాగానికి సోకింది మరో భాగానికి పాకకుండా నెట్‌వర్క్‌ను సరిగా విభజించుకోకపోవడమే కారణమని ప్రభుత్వం తర్వాత పార్లమెంటుకు చెప్పింది. ఆ మాట మీకు కొత్త కాదు, మీ నివేదికల్లో వారానికోసారి రాస్తూనే ఉంటారు. విభజించాలని చెప్పడానికి ఇంజినీరు చాలు. విభజించకపోతే ఎవరి పేరు మీద సంజాయిషీ అడగాలి, డబ్బు ఏ పద్దు నుంచి రావాలి, ఎవరు తనిఖీ చేయాలి అనేవి ఇంజినీరు చేతిలో ఉండవు. విద్యుత్ రంగం ఈ పాఠం కాస్త ముందే నేర్చుకుంది. 2019లో మన రెండు రాష్ట్రాల పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ పడింది. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ప్రతి విద్యుత్ సంస్థలోనూ సైబర్ భద్రతకు బాధ్యుడైన ఒక ఉన్నతాధికారి ఉండాలన్నాయి. చదవడానికి చప్పగా ఉంటుంది. కానీ ఆ ఒక్క వాక్యంతో, దాడి జరిగిన మర్నాడు ఎవరికి ఫోను చేయాలో తెలిసింది.

ఇక ఆ సదస్సు వక్త లాంటి వాళ్లు ఎలా తయారవుతారన్న మాట. మన దేశంలో ఈ రెండు రంగాలనూ కలిపి నడిచినవాళ్ల జీవితాలు చూస్తే, నాకు తెలిసినంతలో ఒక్కరు కూడా విధానంతో మొదలుపెట్టలేదు. మీకు దగ్గరగా అనిపించే ఉదాహరణ జె. సత్యనారాయణ గారిది. మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్. 1998లో రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటర్లకు ఎక్కించిన ‘కార్డ్’ ప్రాజెక్టు ఆయన చేతి మీదుగా నడిచింది. అంతకుముందు దస్తావేజును చేత్తో నకలు రాసేవారు, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ పత్రం కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది. మీ నాన్నగారిని అడగండి, తెనాలి ఆఫీసు కథలు ఆయనే చెబుతారు. అలా గుమాస్తాలతో, దస్తావేజు లేఖరులతో, కరెంటు కోతలతో కుస్తీ పట్టిన మనిషి 2012లో కేంద్ర ఐటీ కార్యదర్శి అయ్యారు. 2013 జులై 2న దేశపు మొట్టమొదటి జాతీయ సైబర్ భద్రతా విధానం విడుదలైనప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. అమెరికా రహస్య నిఘా గుట్టు విప్పిన స్నోడెన్ వెల్లడింపులు మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. తర్వాత ఆధార్ సంస్థకు చైర్మన్ అయ్యారు.

ఇంచుమించు అదే కాలంలో జాతీయ భద్రతా ఉప సలహాదారుగా ఉన్నది లతా రెడ్డి. ఆమె 1975 బ్యాచ్ విదేశాంగ అధికారి. పోర్చుగల్, థాయ్‌లాండ్‌లలో రాయబారిగా చేసి, విదేశాంగ శాఖలో కార్యదర్శి అయ్యాక 2011లో ఆ బాధ్యతకు వచ్చారు. కంప్యూటర్ ఇంజినీరు కారు. కానీ సైబర్ దాడి సరిహద్దు దాటి వస్తుంది కాబట్టి, దాని మీద ఒప్పందాలు కుదుర్చుకోవడానికి బేరసారాలు తెలిసిన మనిషి కావాలి. పదవీ విరమణ తర్వాత సైబర్ ప్రపంచ స్థిరత్వంపై ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్‌కు, అమెరికా మాజీ మంత్రి మైఖేల్ చెర్టాఫ్‌తో పాటు సహాధ్యక్షురాలయ్యారు. ఇంటర్నెట్ మూల వ్యవస్థ జోలికి ఏ దేశమూ పోకూడదన్న నియమం ఆ కమిషన్ ప్రతిపాదించిన వాటిలో ఒకటి. ఇంజినీరింగ్ చదివిన మన పిల్లలు ఆమె పేరు విని ఉండరు. అది నాకు కాస్త కష్టంగానే ఉంటుంది.

మిగతావాళ్లు వేరే వాకిళ్ల నుంచి వచ్చారు. 2015లో మొదటి జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్త అయిన గుల్షన్ రాయ్ ప్రభుత్వ శాస్త్రవేత్త, అంతకుముందు సెర్ట్-ఇన్ అధిపతి. ఆయన తర్వాత వచ్చిన రాజేశ్ పంత్ సైన్యంలో సిగ్నల్స్ అధికారి. టెలికం నెట్‌వర్క్‌లలో నమ్మకమైన చోటు నుంచి కొన్న పరికరాలే వాడాలన్న ఆదేశం 2021 జూన్‌లో అమల్లోకి వచ్చింది ఆయన హయాంలోనే. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి 1986లో హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో చేరిన సతీశ్ రెడ్డి గారు క్షిపణుల నావిగేషన్ మీద ఏళ్ల తరబడి కూర్చున్నాకే రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారు, ఆపైన డీఆర్‌డీఓ చైర్మన్ అయ్యారు. అందరిదీ ఇరవై ఏళ్లకు పైబడిన చేతిపని. మీకు ఐదేళ్లు ఇప్పటికే ఉన్నాయి. దాన్ని పారేసి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టమనే సలహా ఎవరిచ్చినా నాకు అనుమానమే.

అందుకే అశోక్‌నగర్ గది వద్దంటున్నాను. ఏటా పది లక్షలకు పైగా దరఖాస్తులు, వెయ్యి అటూ ఇటూగా ఉద్యోగాలు. జనరల్ కేటగిరీ అయితే మీకు 32 ఏళ్ల దాకా సమయముంది. ఉద్యోగం చేస్తూ రాస్తే రాయండి. కానీ నిజంగా సెలెక్టయినా మిమ్మల్ని సైబర్ విభాగంలో కూర్చోబెడతారన్న హామీ లేదు. మొదటి పదేళ్లు భూముల తగాదాలు, ఎన్నికలు, వరద సాయం. ఆ పని మీద ఇష్టం ఉన్నవాళ్లకు అది గొప్ప ఉద్యోగం. మీ ఉత్తరంలో ఆ ఇష్టం నాకు ఎక్కడా కనిపించలేదు. అయితే ఒక నిజం దాచను. కేంద్రంలో చివరి సంతకం పెట్టే కుర్చీ ఎక్కువగా ఐఏఎస్‌దే. శాస్త్రవేత్త ఎంత పైకి వెళ్లినా చాలాసార్లు సలహా ఇచ్చే దగ్గర ఆగిపోతాడు. గుల్షన్ రాయ్ లాంటివాళ్లు అరుదు. అది తెలిసే దిగాలి.

మీకు నేను చూపించే వాకిలి ‘సైంటిస్ట్ బి’, ప్రభుత్వ శాస్త్రవేత్తల్లో తొలి మెట్టు పోస్టు. సెర్ట్-ఇన్, ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు నడిపే ఎన్ఐసీ లాంటి చోట్లకు ఐటీ మంత్రిత్వ శాఖ తరఫున నైలిట్ సంస్థ నియామక పరీక్షలు పెడుతుంటుంది. అనుభవమున్నవాళ్ల కోసం పై స్థాయి పోస్టులు కూడా అప్పుడప్పుడు పడతాయి. మీ ఐదేళ్ల నైట్ షిఫ్టులు అక్కడ లెక్కకొస్తాయి. డీఆర్‌డీఓకు, ఇంటెలిజెన్స్ బ్యూరో సాంకేతిక పోస్టులకు గేట్ మార్కులు అడుగుతారు కాబట్టి వచ్చే ఫిబ్రవరి గేట్ రాసి పెట్టుకోండి, ఈసీఈ పునాది ఇంకా తడి ఆరి ఉండదు. ఇంజినీరింగ్ సర్వీసుల పరీక్ష ద్వారా టెలికం సర్వీసుకు వెళ్లే మార్గం కూడా ఈసీఈ వాళ్లకు ఉంది. ఏ నోటిఫికేషన్‌కైనా వయోపరిమితి ముందు చూసుకోండి. తొలి మెట్టు పోస్టులకు అది చాలాచోట్ల ముప్పై దగ్గరే, కొన్నిచోట్ల ఇంకా ముందే ఆగిపోతుంది. మీకున్న సమయం ఎక్కువేమీ కాదు. ఢిల్లీలో జాతీయ భద్రతా మండలి సచివాలయానికి నేరుగా వెళ్లే దారి వెతక్కండి. అక్కడికి ఎక్కువ మంది ఇలాంటి సర్వీసుల నుంచే డెప్యుటేషన్ మీద వస్తారు.

మంత్రిత్వ శాఖల్లో కాంట్రాక్టు కన్సల్టెంట్ ఉద్యోగాలు కూడా ఉంటాయి. రెండు మూడేళ్లు చేస్తే ఫైలు ఎలా కదులుతుందో తెలుస్తుంది. ఆర్థిక శాఖ ఏ ప్రతిపాదనను ఎందుకు తిప్పి పంపుతుంది, న్యాయశాఖ ఎక్కడ అడ్డం పడుతుంది అనేవి ఏ కోర్సులోనూ చెప్పరు. భద్రత మాత్రం ఉండదు, ఒప్పందం పొడిగిస్తారో లేదో అని ఏటా ఎదురుచూడాలి. బయటివాళ్లను నేరుగా పై పోస్టుల్లోకి తీసుకునే లేటరల్ ఎంట్రీ మీద ఆశ పెట్టుకోవద్దు. 2024 ఆగస్టులో 45 పోస్టులకు ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్ల మీద వివాదం రేగగానే రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

అక్కగారి సలహా దగ్గరకు వద్దాం. చదువుకు వెళ్లడం వేరు, స్థిరపడటం వేరు. అమెరికాలో భద్రతా రంగంలో రహస్య అనుమతి కావాల్సిన ఉద్యోగాలు పౌరులకే. హెచ్1బీ మీద ఉన్నంతకాలం ఆ తలుపు తట్టలేరు. ఢిల్లీలో పుట్టిన ఆరతి ప్రభాకర్ అక్కడి రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు డైరెక్టర్ అయ్యారు, తర్వాత వైట్‌హౌస్ శాస్త్ర కార్యాలయానికి అధిపతి అయ్యారు కదా అని మీ అక్క అనవచ్చు. నిజమే. కానీ ఆవిడ మూడేళ్ల వయసులో అక్కడికి వెళ్లి అక్కడే పెరిగారు. ఇక అక్కడి పౌరసత్వం తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో తిరిగొచ్చి ఇక్కడ చేద్దామంటే, పౌరసత్వ చట్టం 7బి సెక్షన్ ప్రకారం ఓసీఐలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన హక్కు లేదు. కాబట్టి పాస్‌పోర్టు మార్చే ముందు పదిసార్లు ఆలోచించండి. మన ఇళ్లలో వీసా గురించి మాట్లాడినంతగా ఈ సంగతి ఎవరూ మాట్లాడరు. విదేశీ చదువు మీద నిజంగా మోజుంటే బ్రిటన్ వారి చీవెనింగ్ స్కాలర్‌షిప్ చూడండి. కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశానికి తిరిగి రావాలంటారు. మీ ఉద్దేశానికి ఆ షరతు సరిగ్గా సరిపోతుంది. కానీ అది ఇప్పుడే కాదు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకు, ప్రభుత్వంలో కొంత పని చేశాక వెళితే అక్కడ వినేది మీ అనుభవానికి తగులుతుంది.

ఈలోగా ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడుదల చేసే సంప్రదింపు పత్రాలు, వాటి మీద జియో, ఎయిర్‌టెల్, వినియోగదారుల సంఘాలు పంపిన అభిప్రాయాలు, మళ్లీ వాటికి ప్రత్యభిప్రాయాలు అన్నీ ట్రాయ్ సైట్‌లోనే ఉంటాయి. ఒక అంశం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఒకే వాక్యాన్ని నలుగురు నాలుగు దిక్కులకు ఎలా లాగుతారో కనిపిస్తుంది. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం ఉదంతం కూడా చదవండి. 2019 అక్టోబరు 29న, తమ నియంత్రణ వ్యవస్థల మీద సైబర్ దాడి సాధ్యమే కాదని విద్యుత్ కేంద్రం ప్రకటించింది. మర్నాడే అణు విద్యుత్ సంస్థ, తమ కంప్యూటర్‌లో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) దొరికిన మాట నిజమేనని ఒప్పుకుంది. అది పరిపాలనా పనుల నెట్‌వర్క్‌లోని కంప్యూటర్, రియాక్టర్‌ను నడిపే వ్యవస్థ వేరు. నిజానికి రెండు ప్రకటనలూ రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల గురించి. కానీ జనానికి వినిపించింది మాత్రం నిన్న అబద్ధం చెప్పారనే. ఆ రెండు ప్రకటనలనూ ముందు పెట్టుకుని, మొదటి రోజే ఏం రాసి ఉండాల్సిందో మీరు ఒక పేరాలో రాసి చూడండి. అరగంటలో అయిపోతుందనుకుంటారు, కాదు.

ఆ తర్వాత మీ ఆసుపత్రి రాత్రి మీద రెండు పేజీల నోటు రాయండి. ఖాతాదారు పేరు గానీ, వాళ్లను గుర్తుపట్టే వివరం గానీ ఉండకూడదు, మీరు సంతకం చేసిన గోప్యతా ఒప్పందం తీసి చూసుకోండి. ఏం జరిగింది, నియమం ఏమంటోంది, ఎక్కడ ఆగింది, ఏం మార్చాలి, ఆ మార్పు ఖర్చు ఎవరు భరించాలి. చివరి ప్రశ్న దగ్గర చాలామంది నోట్లు కూలిపోతాయి. చిన్న ఆసుపత్రి రాత్రింబవళ్లు నిఘా పెట్టుకోలేదు. పెట్టుకోమని ఆదేశిస్తే ఆ ఖర్చు రోగి బిల్లులోకి వస్తుంది. దానికి మీ దగ్గర జవాబుంటే ఆ నోటు పట్టుకుని ఏ ఇంటర్వ్యూకైనా వెళ్లవచ్చు.

నాన్నగారి బెంగకు జవాబు. అన్ని భద్రతా ఉద్యోగాలూ ఒకటి కావు. సాంకేతిక నిఘా సంస్థ ఎన్‌టీఆర్‌ఓ, ఇంటెలిజెన్స్ బ్యూరో లాంటి చోట్ల నిజంగానే నోరు కట్టుకోవాలి. వాళ్లకు 1985 నాటి ప్రత్యేక చట్టం ఉంది. విరమణ తర్వాత కూడా అనుమతి లేకుండా తమ పని గురించి రాయకూడదని 2021లో పింఛను నియమాలు సవరించారు. అక్కడ ముప్పై ఏళ్లు చేసినవాళ్లను ఏ సదస్సులోనూ మీరు విన్నట్టు పరిచయం చేయరు. ఆ చప్పట్ల మీద మీకు ఎంత ఆశ ఉందో మీరే తేల్చుకోవాలి. ఐటీ మంత్రిత్వ శాఖ, టెలికం శాఖ వేరు. సెర్ట్-ఇన్‌ను 2023 నవంబరులో సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించినా, అక్కడి శాస్త్రవేత్తలు సభల్లో మాట్లాడతారు, శిక్షణ తరగతులు నడుపుతారు. గ్రూప్ ఏ అధికారిగా విరమించాక ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే మొదటి ఏడాది మాత్రం అనుమతి అడగాలి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఇక సంబంధాల సంగతి. సైంటిస్ట్ బి మొదటి మూల వేతనం ఏడో వేతన సంఘం లెక్కన 56,100 రూపాయలు, కొత్తగా చేరిన ఐఏఎస్‌కు ఇచ్చేదీ అంతే. ఈ ముక్క నాన్నగారికి చెప్పండి. హోదా ఏమిటో, జీతం ఎంతో ఎవరికైనా చెప్పుకోవచ్చు, ఏ ఫైలు మీద కూర్చున్నారో చెప్పకూడదు. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు మూడోది అడిగిన సందర్భం నేనింతవరకు వినలేదు.